కొబ్బరాకు బుట్టలో అన్నం

వంద పెసోల నోటు జేబులో ఉంటే ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో ఆకలితో పడుకోనక్కర్లేదు. చవకగా దొరికే తిండే ఆ ఊరి అసలు వంట.

బెంచీ మీద కూర్చోగానే పల్చటి ప్లాస్టిక్ కవరొకటి చేతికిచ్చారు. పక్కనున్న కుర్రాడు దాన్ని కుడిచేతికి గ్లవుజులా తొడుక్కోవడం చూసి నేనూ తొడుక్కున్నాను. మా ఎదురుగా బల్ల మీద మూతపెట్టిన పెద్ద డబ్బా. మూత తీస్తే అన్నీ వేపుళ్లే. ఎర్రటి లాంగనీసా సాసేజీలు, లుంపియా చుట్టలు, నూనెలో పువ్వులా విచ్చుకుని కరకరలాడే గినాబోత్. ఈ గినాబోత్ పంది పేగులను అంటిపెట్టుకుని ఉండే పొర. డబ్బా పక్కనే ఉల్లిపాయ, మిరపకాయ ముక్కలు తేలుతున్న వెనిగర్. కొబ్బరికల్లు పులిసి పులిసి అలా తయారవుతుంది. కావలసినవి మనమే ఏరుకోవాలి, వెనిగర్‌లో ముంచుకోవాలి, తినాలి. ఎవరూ బిల్లు రాయరు. లేచేటప్పుడు ఏవి ఎన్ని తిన్నామో మనమే చెప్పాలి. దుకాణమావిడ నోటిలెక్కతో కూడి డబ్బు తీసుకుంటుంది. నేను చెప్పినప్పుడు ఆవిడ డబ్బావైపు ఒక్కసారైనా చూడలేదు.

ఈ తిండికి పుంగ్కో-పుంగ్కో అని పేరు. సెబువానో భాషలో 'పుంగ్కో' అంటే గొంతుక్కూర్చోవడం. పొట్టి బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని తింటారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. నా వరసలో జీప్నీ అనే చిన్న బస్సు నడిపే ఓ డ్రైవరు, యూనిఫాంలో ఉన్న ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులు, రాత్రి డ్యూటీ దిగి మెడలో ఐడీ కార్డుతోనే వచ్చేసిన కాల్‌సెంటర్ కుర్రాడు ఉన్నారు. అందరిదీ ఒకే డబ్బా, ఒకే వెనిగర్. నాలుగు రకాల వేపుళ్లు, రెండు అన్నం పొట్లాలు తిన్నా నాకు తొంభై పెసోలు దాటలేదు. పెసో అంటే దాదాపు మన రూపాయిన్నర.

ఆ అన్నం పొట్లం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. సెబూకి నన్ను కట్టిపడేసింది అదే.

పుసో

లేత కొబ్బరాకును అక్కడ 'లుకాయ్' అంటారు. దాని ఈనె తీసేసి, రెండు పాయలను ఒకదానిలోంచి ఒకటి దూర్చి అల్లుతూ పోతే పిడికిలంత బుట్ట తయారవుతుంది. పైన చిన్న సందు మాత్రం వదిలి, అందులోంచి కడిగిన బియ్యం సగానికి కాస్త పైగా పోస్తారు. సందు మూసి, పది పన్నెండు బుట్టలను గుత్తిగా కట్టి, మరిగే నీళ్లలో వేస్తారు. బియ్యం ఉబ్బుతుంది. బుట్ట సాగదు కనుక లోపల అన్నం ఒత్తుకుని గట్టి ముద్దవుతుంది. చల్లారాక దుకాణం ముందు కొక్కేనికి వేలాడదీస్తారు. అడగ్గానే గుత్తిలోంచి ఒకటి లాగి, కత్తితో నిలువునా రెండు ముక్కలు చేసి ఇస్తారు. ఆకు విప్పితే అల్లిక అచ్చు అన్నం మీద గళ్లుగళ్లుగా పడి ఉంటుంది. పచ్చికొబ్బరాకు వాసన అన్నానికి ఎంత పట్టి ఉంటుందంటే, కూర లేకుండా మొదటి ముద్ద అలాగే నోట్లో పెట్టుకోవాలనిపిస్తుంది.

'పుసో' అంటే సెబువానోలో అరటిపువ్వు. బుట్ట ఆకారం చూస్తే ఆ పేరెందుకో వేరే చెప్పక్కర్లేదు. అల్లికల్లో రకాలున్నా, గుండె ఆకారంలో ఉండే 'కినాసింగ్' రకమే వీధుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మలేసియా, ఇండొనేసియాల్లో ఇలాంటిదే కెతుపాత్ ఉంది. అక్కడ అది పండగపూట మర్యాద. స్పెయిన్ వాళ్లు రాకముందు సెబూలోనూ పూజారిణులు దేవతలకు పెట్టిన నైవేద్యమే ఇది. ఇప్పుడు మాత్రం రోజుకూలీ జేబుకి తగిన తిండి. పళ్లెం అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు, కడగాల్సిన గిన్నె లేదు. ఒకటి పది పెసోలకు అటూ ఇటూ. పడవెక్కే జాలరి నాలుగు కొని నడుముకి కట్టుకున్నా చెడిపోదు.

చూస్తున్నంతసేపూ నాకు కోనసీమ పొట్టిక్కబుట్టలే గుర్తొచ్చాయి. పనసాకుల్ని పుల్లలతో కుట్టి, ఆ దొన్నెలో ఇడ్లీపిండి పోసి ఆవిరిపెడితే వచ్చే వాసన తెలిసినవాళ్లకి పుసో కొత్తగా అనిపించదు. మనకు పొట్టిక్క పొద్దుటి టిఫిన్‌గానే ఆగిపోయింది. సెబూవాళ్లు మాత్రం ఊరి తిండినంతా ఆ ఆకు బుట్ట చుట్టూ కట్టుకున్నారు.

మూత తీసి చూపిస్తారు

పుంగ్కో-పుంగ్కోలో కూరల జాడ ఉండదు. కూరలు కావాలంటే కరెందెరియాకి వెళ్లాలి. మన మెస్సులాంటిదే. బల్ల మీద వరసగా గిన్నెలుంటాయి. వెళ్లిన మనిషి ఒక్కో మూతా ఎత్తి చూసి, నచ్చినదాని వైపు వేలు పెడతాడు. భాష రానివాడికి ఇంతకంటే సుఖమైన హోటలు ఇంకోటి లేదు. వడ్డించే పెద్దావిడను 'మనాంగ్' అని, కుర్రాణ్ని 'దోంగ్' అని పిలవాలి. మనం అక్కా, తమ్ముడూ అన్నట్టే. వాకిట్లో ఎవరూ కనబడకపోతే 'ఆయో!' అని కేకేస్తే లోపల్నుంచి పలుకుతారు.

ఆ మూతల కింద మన పెరడు కనబడుతుంది. 'ఉతాన్ బిసాయా' అనే పల్చటి చారులో మునగాకు, బచ్చలి, గుమ్మడి, బెండ, వంకాయ ఉంటాయి. మునగాకును వాళ్లు కముంగ్గాయ్ అంటారు, బచ్చలిని అలుగ్బాతి. తూటికూరను సోయాసాసు, వెల్లుల్లితో వేయిస్తారు. శుక్రవారం నాడు ఏ గిన్నె మూత తీసినా పెసల పులుసు ఉండే అవకాశం ఎక్కువ. కాథలిక్కులు ఆ రోజు మాంసం మానడం ఆనవాయితీ, ఆ ఆచారం పెసలకు కలిసొచ్చింది. పెసలను వాళ్లు 'ముంగ్గో' అంటారు. పచ్చిబొప్పాయి తురిమి వెనిగర్‌లో ఊరబెట్టిన పచ్చడి పేరు 'అత్సారా'. మన దేశంలోనూ వాడే ఆచార్ అనే మాట సముద్రాలు దాటి అక్కడ అలా నిలిచింది.

శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పెసల పులుసులో పంది ముక్క, ఆకుకూర చారులో ఎండుచేప వేయడం వాళ్లకి మనం పోపు పెట్టినంత మామూలు. 'వలాయ్ కార్నె, వలాయ్ ఇస్దా' అని ముందే అడగండి. మాంసం లేకుండా, చేప లేకుండా అని అర్థం. అలాంటిదేదీ లేకపోతే లేదని నిజం చెబుతారు. అప్పుడు పుసో, అత్సారా, గుడ్డు తినేవాళ్లయితే గుడ్డు అట్టుతో ఆ పూట గడిచిపోతుంది.

సాయంత్రమైతే ఫ్వెంతె ఒస్మేన్యా కూడలి దగ్గర లార్సియన్ అనే చోటికి వెళ్లాలి. పుల్లలకు గుచ్చిన కోడి, పంది ముక్కల్లోంచి మనం ఏరి ఇచ్చినవి బొగ్గుల మీద కాల్చి పెడతారు. తిసా పేటలో ఆవిరి మీద ఉడికిన సియోమాయ్, ఐదు మసాలాల చైనా పొడి కలిపి వేయించే న్గోహ్యోంగ్ రెండూ వలస వచ్చిన చైనావాళ్ల చేతి వంటలే, ఇప్పుడు పూర్తిగా సెబూవి. తుస్లోబ్-బువా మాట వేరు. పంది మెదడు, కాలేయంతో చేసిన గ్రేవీ మూకుడులో బుడగలు కడుతుంటే చుట్టూ నిలబడి పుసో ముక్కల్ని అందులో ముంచుకు తింటారు. నెట్‌ఫ్లిక్స్ 2019లో తీసిన వీధి వంటల సిరీస్‌లో సెబూకి ఓ భాగం కేటాయించాక విదేశీయులూ దీన్ని వెతుక్కుంటూ వస్తున్నారు. పేదవాళ్లు మిగిలిన భాగాలతో వండుకున్న వంటకి ఆ గౌరవం దక్కడం న్యాయమే.

తేనెటీగ బొమ్మ కింద

వీధి తిండి గురించి ఇంత చెప్పి, తేనెటీగ బొమ్మ ఉండే జాలీబీ హోటళ్లను వదిలేస్తే అది ఫిలిప్పీన్స్ కథ కాదు. టోనీ టాన్ కక్తియోంగ్ 1975లో మనీలా పక్కన క్యూబావోలో ఐస్‌క్రీం పార్లరు పెట్టారు. జనం ఐస్‌క్రీం కంటే వేడి తిండే ఎక్కువ అడుగుతున్నారని గమనించి 1978 నాటికి దాన్ని బర్గర్ల కంపెనీగా మార్చారు. మెక్‌డొనాల్డ్స్ 1981లో ఆ దేశంలో అడుగుపెట్టింది. అప్పటికే జాలీబీ చికెన్‌జాయ్‌ని తెచ్చేసింది. వేయించిన కోడిముక్క, పక్కన అన్నం, మీద గ్రేవీ. కాగితంలో చుట్టి వచ్చే ఆ అన్నం ముద్దే జాలీబీని నిలబెట్టిందని నా నమ్మకం. అన్నం లేనిది భోజనం కాదనే మనిషిని బన్ను ముక్కతో పంపేయలేమని ఆయనకు తెలుసు.

జాలీబీ స్పఘెట్టీ తియ్యగా ఉంటుంది, పైన హాట్‌డాగ్ ముక్కలు, చీజ్ తురుము. మన నాలుకకి మొదట వింతగా ఉంటుంది. ఆ తీపి వెనక ఓ చరిత్ర ఉంది. మరియా ఒరోసా అనే ఆహార శాస్త్రవేత్త, దిగుమతి టమాటాలకు బదులు తమ నేల మీద పండే అరటితో కెచప్ చేయవచ్చని చూపించారు. 1945లో మనీలా యుద్ధంలో ఆమె ప్రాణాలు పోయాయి. ఆమె కెచప్ మాత్రం ప్రతి ఇంట్లో మిగిలింది. ఫిలిప్పీన్స్ పిల్లల పుట్టినరోజు స్పఘెట్టీకి ఆ తీపి అక్కణ్నుంచే వచ్చింది.

మాంగ్ ఇనాసల్ కథ ఇంకా చిత్రం. 2003లో ఇలోయిలో నగరంలో మొదలై, అరటాకు పరిచిన పళ్లెంలో కాల్చిన కోడి, అడిగినంత అన్నం పెడుతూ పెరిగింది. 2010లో జాలీబీయే దానిలో మెజారిటీ వాటా కొనేసింది. 2017లో సింథియా విల్లార్ అనే సెనేటరు, ఇలా అపరిమితంగా అన్నం పెట్టడం ఆరోగ్యానికి మంచిది కాదని, దాన్ని ఆపాలని అంటే దేశమంతా గోల లేచింది. ఆవిడ వెనక్కి తగ్గక తప్పలేదు.

వరిగలు, గబ్బిలం

పొద్దున్నే లేస్తే సెబూ 'పైనిత్' తింటుంది, వేడివేడిది అని అర్థం. కొబ్బరిపాలు, అల్లం వేసి వండిన బంకబియ్యం ముద్ద పుతో మాయా. పక్కన కకావో బిళ్లలు మరిగించి చిలికిన చిక్కటి సిక్వాతే. మామిడి కాలమైతే ఓ పండు ముక్క. ఈ మూడూ కలిపి తిన్న పొద్దుటి పూటను మించినది ఆ ఊళ్లో మరేదీ నాకు ఎదురుపడలేదు.

ఇంకోటుంది, బుద్బుద్ కబోగ్. సెబూ ద్వీపంలో ఉత్తరాన ఉన్న కాట్మొన్ ఊరు దీనికి పేరుపొందింది. చూడటానికి అరటాకులో చుట్టిన పసుపుపచ్చటి కడ్డీ. విప్పి తింటే నోట్లో సన్నగా పలుకుతుంది. అది బియ్యం కాదు, వరిగలు! మన మెట్ట పొలాల్లో పండి, మనం మరిచిపోయి, ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో పాకెట్లలో వెతుక్కుంటున్న ఆ వరిగలే. 'కబోగ్' అంటే పెద్ద గబ్బిలం. గబ్బిలాలు ఉండే చోట ఈ గింజ మొదట దొరికిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కొబ్బరిపాలు, చక్కెర కలిపి వండి, ఆకులో చుట్టి ఉడికిస్తారు. చిరుధాన్యాల మీద సదస్సులు పెట్టేవాళ్లెవరైనా ఒకసారి ఈ కడ్డీ తినాలి. రుచిగా ఉంటే చాలు, గింజ దానంతటదే బతుకుతుంది.

తెలుగువాళ్లకి సెబూ పూర్తిగా పరాయిదేం కాదు. వైద్యవిద్య కోసం ఆంధ్ర, తెలంగాణల నుంచి పిల్లలు దవావోకి, సెబూకి వెళుతూనే ఉన్నారు. అమ్మ కట్టిచ్చిన కారప్పొడి, ఆవకాయ డబ్బాలు మొదటి కొన్ని నెలలు కాపాడతాయి. ఆ తర్వాత కరెందెరియానే దిక్కు. పుసోలో ఆవకాయ కలుపుకుని చూడమని వాళ్లకు నా సలహా.

చవక ఎవరికి?

ఇంతవరకూ చవక చవక అని రాస్తూ వచ్చాను. ఆ మాట నాలాంటి బాటసారికి సరిపోతుంది. 2024 అక్టోబరులో సెబూ మహానగర ప్రాంతంలో కనీస దినవేతనం 501 పెసోలైంది. మూడు పూటలా ఎనభై పెసోల చొప్పున తింటే ఆ కూలిలో దాదాపు సగం కూలివాడి ఒక్కడి కడుపుకే పోతుంది. ఇంటి దగ్గర పిల్లలుంటే? అందుకే బెంచీ మీద నా పక్కన కూర్చున్న డ్రైవరు వేపుడు ఒకటే తీసుకుని, పుసోలు మాత్రం మూడు తిన్నాడు.

ఫిలిప్పీన్స్ తను తినే బియ్యంలో గణనీయమైన భాగం, ముఖ్యంగా వియత్నాం నుంచి, దిగుమతి చేసుకుంటుంది. వియత్నాంలో ధర కదిలితే సెబూలో పుసో ధర పెరుగుతుంది, లేదంటే బుట్ట చిన్నదవుతుంది. కిలో 20 పెసోలకే బియ్యం ఇస్తానని మార్కోస్ జూనియర్ 2022 అధ్యక్ష ఎన్నికల్లో మాటిచ్చారు. బజార్లో కిలో నలభై దాటి ఉన్న రోజుల్లో, 2025 మే 1న ఆ పథకాన్ని మొదలుపెట్టింది సెబూలోనే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చిన రోజులు చూసిన తెలుగువాళ్లకి, ఇలాంటి పథకం పేదవాడి పళ్లెంలో ఎంత మార్పు తెస్తుందో, దాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఈ తిండికి చాలా సరుకు వచ్చేది కార్బన్ మార్కెట్ నుంచి. వందేళ్లు దాటిన సంత అది. బొగ్గు నిల్వ చేసిన చోటు కనుక ఆ పేరు వచ్చిందంటారు. 2021 జనవరిలో దాన్ని ఆధునికీకరించడానికి నగరపాలక సంస్థ ఓ ప్రైవేటు నిర్మాణ సంస్థతో 550 కోట్ల పెసోల ఒప్పందం కుదుర్చుకుంది. తమకు చోటు ఉంటుందా, అద్దె కట్టగలమా అని చిల్లర వ్యాపారులు ఎదురుతిరిగారు. బురద లేని సంత, మరుగుదొడ్లు, పైకప్పు వాళ్లకీ కావాలి. కానీ అద్దె పెరిగితే ఆ భారం చివరికి పడేది పది పెసోల పుసో మీదే. కట్టే గోడలకన్నా ముందు ఆ పది పెసోల లెక్క చూసుకోవాల్సింది నగర పెద్దలు.

సెబూ వెళ్లే పని పడితే మాల్‌లో తినే ముందు ఒక్క పూట పొట్టి బెంచీ మీద కూర్చోండి. చేతికి కవరు తొడుక్కుని, పుసో సగానికి కోయించుకుని, కడుపునిండా తినండి. తిన్నవి మాత్రం లెక్కపెట్టుకుంటూ ఉండండి. లేచేటప్పుడు అడిగేది మిమ్మల్నే.