డిగ్రీ తరువాత సాహిత్యమా, ధర్మమా?

డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు ముగిసే వేళకు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల ముస్లిం ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. బి.ఏ. పూర్తి చేసిన అమ్మాయి తెలుగులో ఎం.ఏ. చేస్తానంటుంది. దానితోపాటు అరబీ నేర్చుకొని దివ్య ఖుర్ఆన్‌ను లోతుగా అధ్యయనం చేయాలన్నది ఆమె కోరిక. "తెలుగు చదివితే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది బేటీ?" అని తండ్రి దిగులు పడతాడు. "దీన్ నేర్చుకోదలిస్తే నేర్చుకో, మధ్యలో ఈ కవిత్వం ఎందుకు?" అని నానీమా సందేహిస్తుంది. తండ్రిది బతుకుతెరువు ప్రశ్న, నానీమాది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న. రెండూ ప్రేమతో అడిగినవే. కనుక రెండింటికీ గౌరవంగా సమాధానం చెప్పుకోవాలి.

అదబ్ అనే మాట

ముందుగా నానీమా సందేహాన్ని పరిశీలిద్దాం. మనం పిల్లలకు పదేపదే చెప్పే 'అదబ్' అనే మాటకు మర్యాద, సత్ప్రవర్తన అని అర్థం. అరబీ భాషలో సాహిత్యానికి కూడా అదే పేరు. మాటను సంస్కరించుకోవడం, మనిషిని సంస్కరించుకోవడం ఆ భాషలో ఒకే పదంలో ఇమిడిపోయాయి.

దివ్య ఖుర్ఆన్‌లో 26వ సూరా పేరు 'అష్షుఅరా', అంటే కవులు. దారి తప్పిన కవులను ఆ సూరా చివరి వాక్యాలు మందలిస్తాయి. అయితే విశ్వసించి సత్కార్యాలు చేసే కవులను ఆ మందలింపు నుండి మినహాయిస్తాయి. తప్పు కవిత్వంలో లేదు, దానిని వాడే తీరులో ఉందని దీనివల్ల గ్రహించవచ్చు. హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) దైవప్రవక్త (స) వారి కవిగా ప్రసిద్ధులు. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలలో అగ్రగణ్యులైన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) క్లిష్టమైన పదాల అర్థం కోసం ప్రాచీన అరబీ కవిత్వాన్ని ఆధారం చేసుకునేవారు. హజ్రత్ ఆయిషా (రజి) గారిని మించి ధర్మశాస్త్రం, కవిత్వం తెలిసినవారిని తాను చూడలేదని ఆమె అక్క కుమారుడు హజ్రత్ ఉర్వా (రహ్మ) చెప్పినట్లు గ్రంథాలలో ఉంది. మన అమ్మాయి కోరుకుంటున్న చదువు ఈ సంప్రదాయానికి వెలుపలిది కాదు.

తెలుగులోకి ధర్మం ఎలా వచ్చింది?

అరబీ, ఉర్దూ రాని లక్షలాది మంది తెలుగువారు నేడు ఖుర్ఆన్ భావాన్ని తమ భాషలో చదువుకోగలుగుతున్నారు. సాహిత్యాన్ని, ధర్మాన్ని శ్రద్ధగా చదివిన వ్యక్తుల పరిశ్రమ దాని వెనుక ఉంది. ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగు చేసినవారు డాక్టర్ చిలుకూరి నారాయణరావు గారు. ముస్లిమేతరులైన ఆయన ఉత్తరాంధ్రలో పుట్టి, మన రాయలసీమలోని అనంతపురం కళాశాలలో తెలుగు బోధించారు. 'ఆంధ్ర భాషాచరిత్రము' రచించిన మహాపండితులు. ఆ తరువాత కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్ గారు, హైదరాబాదు నుండి హమీదుల్లా షరీఫ్ గారు ఆ సేవను ముందుకు తీసుకువెళ్లారు.

పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) గారి పేరు కూడా ఇక్కడ తలచుకోవాలి. పారశీకం నుండి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగులోకి తెచ్చిన ఆయన పద్యాలు, నాటకాలు, నవలలు రచించారు. కేంద్ర శాసనసభలో సభ్యులుగానూ ఉన్నారు. ఆయన తాత్త్విక మార్గంతో ఏకీభవించనివారు సైతం తెలుగుపై ఆయనకున్న అధికారాన్ని కాదనలేరు.

ధార్మిక జ్ఞానం ఉండి తెలుగు రానివారు, తెలుగు వచ్చి ధార్మిక జ్ఞానం లేనివారు ఈ పని చేయలేరు. రెండూ తెలిసినవారు ప్రతి తరంలోనూ కొద్దిమందే ఉంటారు. మన ఇంట్లోని అమ్మాయి ఆ కొద్దిమందిలో చేరదలచుకుంటే అది కుటుంబానికి దిగులు కలిగించవలసిన విషయమా?

తిరుపతి బడిలో చదివిన విద్యార్థి

ఈ గడ్డతో ముడిపడిన మరో ఉదాహరణ ఉంది. తిరుపతికి చేరువలోని తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాలలోనూ, తరువాత వెల్లూరులోనూ, మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ చదువుకున్నారు. పుస్తకాలు కొనే స్తోమత లేని రోజుల్లో, డిగ్రీ ముగించిన బంధువు ఒకరు తన తత్త్వశాస్త్ర గ్రంథాలు ఇవ్వగా ఆ శాస్త్రాన్నే ఎంచుకున్నారు. కళాశాలలో తన మతంపై వినిపించే విమర్శలు ఆయనను కలవరపరిచాయి. ఆయన వాటికి జగడంతో బదులివ్వలేదు. తన మత గ్రంథాలను మూలం నుండి చదివారు. వేదాంతంలోని నీతి గురించి ఎం.ఏ. కోసం రాసిన పరిశోధన వ్యాసం 1908లో అచ్చయినప్పుడు ఆయన వయస్సు ఇరవై ఏళ్లే. ఆ విద్యార్థే తరువాత భారత రాష్ట్రపతి అయ్యారు.

ఆయన విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని ఆ విద్యార్థి ఎంచుకున్న పద్ధతి నేటి మన పిల్లలకూ అవసరమే. కళాశాలలో తోటివారు తలాక్ గురించి, పర్దా గురించి, జిహాద్ గురించి అడిగినప్పుడు చాలామంది పిల్లలు మౌనం వహిస్తారు, లేదా కోపగించుకుంటారు. మూలం చదివి, దానిని చక్కని తెలుగులో వివరించగలిగిన పిల్లలకు ఆ రెండు అవస్థలూ ఉండవు.

నాలుగు భాషల పిల్లలు

మన సీమ దక్షిణ భాగపు ముస్లిం పిల్లలకు ఒక భాగ్యం ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, నమాజులో అరబీ. పొలిమేర ఊళ్లలో తమిళం కూడా చెవిన పడుతుంది. దీనిని బరువుగా భావించి ఒక్కొక్క భాషనూ వదిలించుకుంటున్నాం. నిజానికి ఇది పెట్టుబడి లేకుండా లభించిన ఆస్తి.

విద్యాసంస్థలు కూడా దూరంగా లేవు. తిరుపతిలో 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. అమ్మాయిల కోసం 1983 నుండి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. భాషల తులనాత్మక అధ్యయనానికి కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అబ్బాయిల ధార్మిక విద్యకు చిత్తూరు సరిహద్దు దాటితే వెల్లూరులో బాఖియాత్ సాలిహాత్, మరికొంత దూరంలో 1924లో నెలకొన్న ఉమరాబాద్ జామియా దారుస్సలాం ఉన్నాయి. అమ్మాయిలు తమ ఊరి ఆలిమాల వద్ద, ఎం.ఏ. చదువుతూనే, రోజుకొక గంట అరబీ వ్యాకరణంతో మొదలుపెట్టవచ్చు.

తండ్రి ప్రశ్నకు జవాబు

ఇక బతుకుతెరువు. సాహిత్యం చదివినవారికి ఇంజనీరింగ్ వలె క్యాంపస్ ఎంపికలు ఉండవు, జీతం ఆలస్యంగా మొదలవుతుంది. ఈ నిజాన్ని పిల్లలకు ముందే చెప్పాలి. అయితే దారులు ఉన్నాయి. బి.ఎడ్. లేదా తెలుగు పండిత శిక్షణతో పాఠశాల ఉపాధ్యాయ పరీక్షలు రాయవచ్చు. ఎం.ఏ.తో జూనియర్ లెక్చరర్ ఉద్యోగాలకు పోటీ పడవచ్చు. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధిస్తే పరిశోధన కాలంలోనే భృతి లభిస్తుంది. అనువాదం, పత్రికా రచన, ప్రచురణ రంగాలలో రెండు మూడు భాషలు తెలిసినవారి అవసరం ఎప్పుడూ ఉంటుంది.

అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. "వద్దు" అనే ముందు పిల్లలతో కూర్చుని మూడు విషయాలు అడగండి: ఏ విశ్వవిద్యాలయం, ఏ పరీక్ష, ఎన్నేళ్లు? స్పష్టమైన సమాధానం ఉంటే రెండేళ్ల గడువు ఇవ్వండి. పిల్లలారా, మీరూ ఒక మాట ఇవ్వండి. ధర్మం చదివిన కొద్దీ మీ నమాజు, మీ నడవడి మెరుగుపడాలి. సాహిత్యం చదివిన కొద్దీ ఇంట్లో మీ మాట మృదువు కావాలి. మీరు నేర్చుకున్నది వారానికొకసారి నానీమాకు ఉర్దూలో, తమ్ముళ్లకు తెలుగులో చెప్పండి. ఆమె సందేహాన్ని తీర్చవలసింది మీ చదువే.

జ్ఞానాన్ని పెంచమని వేడుకోవలసిందిగా అల్లాహ్ తన ప్రవక్త (స) వారికే నేర్పాడు. ఆ దుఆ మన పిల్లల పెదవులపై ఉండగా వారి పుస్తకాలను మనం మూసివేయకుండా ఉందాం.