టైమ్ ఆఫ్ సప్లై

నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారా దర్శనానికి వెళ్లేవాళ్లలో చాలామంది లాడ్జి గదికి ముందే డబ్బు కట్టేస్తారు. 2022 జూలై 18న, రోజుకు 1,000 రూపాయల దాకా అద్దె ఉన్న గదులకు జీఎస్టీ మినహాయింపు పోయి 12 శాతం పన్ను పడింది. మరి అప్పటికే చెల్లించినవారి మాటేమిటి? సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 14వ సెక్షన్, సరఫరా ఎప్పుడు జరిగినట్టు లెక్కించాలో (టైమ్ ఆఫ్ సప్లై) చెప్పి, దాన్ని తేలుస్తుంది. బస తర్వాతే అయినా, చెల్లింపూ ఇన్‌వాయిసూ రెండూ మార్పుకు ముందే పూర్తయితే పాత రేటు. డబ్బు ముందు కట్టినా ఇన్‌వాయిస్ తర్వాత వస్తే కొత్త రేటు. యాత్రికుడికి ఇది అన్యాయమే. ఇన్‌వాయిస్ రాసేది అతను కాదు కదా! అయితే, ధార్మిక ట్రస్టుల సత్రాల్లో 1,000 రూపాయల లోపు అద్దె గదులకు మినహాయింపు ఉందని కేంద్రం 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. మిగతా చోట్ల మాత్రం, అడ్వాన్సు రసీదు ఇన్‌వాయిస్ కాదని గుర్తుంచుకోండి.