వస్త్రము - వార్త

మానవునకు అన్నము వలెనే వస్త్రము గూడ అవసరము. ఎండవానల నుండి దేహమును కాపాడుకొనుటకు ఏ వస్త్రమైనను చాలును. కాని మనుష్యుడు అంతటితో తృప్తి నొందడు. నలుగురు ఏ రంగులు ధరించుచున్నారో, ఏ తీరున కుట్టించుకొనుచున్నారో తెలిసికొనగోరును. కాలమును బట్టి మారుచుండు ఈ వస్త్రధారణ రీతికే ఫ్యాషను అని పేరు. దానిని గూర్చిన వార్తలను, చిత్రములను ప్రజలకు అందించుట ఒక ప్రత్యేక వృత్తి. ఈ వృత్తిని నేర్పుటకు లండను నగరమునందలి కొన్ని కళాశాలలు వేసవిలో స్వల్పకాలిక శిక్షణ తరగతులను నడుపుచున్నవి.

అందమైన దుస్తులను చూచుచు హాయిగా కాలము గడుపవచ్చునని తలచి ఇట్టి తరగతులలో చేరిన విద్యార్థికి ఆ భ్రమ త్వరలోనే తొలగిపోవును. పత్రికలో ఒక పుట నిండ కనబడు చిత్రము వెనుక పలువురి శ్రమ కలదు. ఏ దుస్తులను చూపవలెనో నిర్ణయించువారు ఒకరు; వానికి తగిన పాదరక్షలను, ఆభరణములను ఏర్చి కూర్చువారు ఇంకొకరు; ముఖమును, కేశములను తీర్చిదిద్దువారు వేఱొకరు; దీపముల వెలుగును సరిచేసి ఛాయాచిత్రమును తీయువారు మఱియొకరు. విద్యార్థులు చిన్న బృందములుగా చేరి ఈ పనులను స్వయముగా చేసి నేర్చుకొందురు. వెలుగు ఒక ప్రక్క నుండి పడినచో నేతలోని గరుకుదనము కనబడును; ఎదురుగా పడినచో అది మఱుగుపడును. వస్త్రము ఒక్కటే అయినను చిత్రములు రెండు విధములగును.

వ్రాతపని అంతకంటె కష్టము. “దుస్తులు చాల అందముగా నున్నవి” అని వ్రాసిన చాలదు. వస్త్రము నూలుదో పట్టుదో, కుచ్చెళ్లు ఎచ్చట అమరినవో, నడచునప్పుడు అది ఎట్లు కదలునో, చూడని పాఠకునకు గూడ తెలియునట్లు వ్రాయవలెను.

ఈ వృత్తి క్రొత్తది కాదు. 1672లో ప్యారిస్ నగరమున ఆరంభమైన ‘మెర్క్యూర్ గలాన్’ అను పత్రిక రాజాస్థానపు వార్తలతోపాటు వస్త్రరీతులను గూడ వర్ణించెను. తరువాతి కాలమున రాగిరేకులపై చెక్కిన బొమ్మలను అచ్చువేసి, చేతితో రంగులు పూసి అమ్ముచుండిరి. 1892లో న్యూయార్కు నగరమున ‘వోగ్’ పత్రిక వెలువడెను. 1932 జూలైలో అది మొదటిసారిగా రంగుల ఛాయాచిత్రమును ముఖచిత్రముగా ప్రచురించెను.

ఫ్యాషను పత్రికకు యుద్ధకాలమున పని యేమి అని తోచవచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 జూన్ 1న, బ్రిటన్‌లో వస్త్రముల పంపిణీపై కట్టడి విధింపబడెను. మొదటి సంవత్సరమున పెద్దవారికి తలకు 66 కూపనులు ఇచ్చిరి. ఒక ఉన్ని గౌనునకే 11 కూపనులు చెల్లింపవలసి యుండెను. అట్టి దినములలో ఫ్యాషను పత్రికలు పాత బట్టలను బాగుచేసికొని పొదుపుగా వాడుకొను విధములను బోధించెను. పూర్వము వోగ్ చిత్రములకు నిలిచిన లీ మిల్లర్ అను మహిళ, ఛాయాచిత్రకారిణియై సైన్యముల వెంట యుద్ధభూమికి వెళ్లెను. 1945లో జర్మనీలోని నిర్బంధ శిబిరములలో జరిగిన ఘోరములకు ఆమె తీసిన చిత్రములు సాక్ష్యములైనవి. వానిని నమ్ముడని పాఠకులకు చెప్పుచు అమెరికాలోని వోగ్ ప్రచురించెను. సౌందర్యమును చూపుటకు అలవడిన కన్ను సత్యమును చూపుటకును వెనుదీయలేదు.

సత్యమునకు నేడు వేఱొక విధమైన పరీక్ష వచ్చినది. కంప్యూటరు సాయమున చిత్రములోని నడుమును సన్నగా, కాళ్లను పొడవుగా మార్చుట సులభము. లేని రూపమును ఉన్నదని నమ్మిన బాలబాలికలు తమ దేహములను తామే ఏవగించుకొను ప్రమాదము కలదు. అందుచేత ఫ్రాన్సు దేశమున 2017 అక్టోబరు 1 నుండి ఒక నిబంధన అమలులోనికి వచ్చెను. మోడళ్ల దేహాకృతిని కంప్యూటరుతో మార్చిన వ్యాపార ప్రకటనలపై, ఆ చిత్రము దిద్దబడినదని స్పష్టముగా తెలుపవలెను.

చిత్రమున కనబడనివారిని గూర్చియు ఆలోచింపవలెను. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపమున రానా ప్లాజా అను భవనము కూలిపోయెను. అందలి కర్మాగారములలో విదేశీ సంస్థల కొఱకు దుస్తులు కుట్టుచుండిన కార్మికులు 1,100 మందికి పైగా మరణించిరి. గోడలు బీటలు వారినట్లు ముందుదినముననే కనబడినను, వారిని తిరిగి పనిలోనికి పంపిరి. ఆ దుస్తులు అంగడి అద్దముల వెనుక మెఱయుచుండెను గాని, వానిని కుట్టిన చేతులను ఎవరును ఎఱుగరు.

కావున ఫ్యాషను వార్తలు వ్రాయగోరు విద్యార్థి, ఈ వస్త్రము ఎట్లున్నదని అడిగిన పిమ్మట, దీనిని ఎవరు కుట్టిరి, వారికి తగిన కూలి ముట్టినదా, ఈ చిత్రము నిజమేనా అని గూడ అడుగవలెను. పత్రికను చదువువారును ఈ ప్రశ్నలను మఱువరాదు.