ఇంటి విమానానికి గాలిలో గతుకులు

రన్‌వే కళ్లెదుట కనిపిస్తూ వుంటుంది. చక్రాలు నేలను తాకడానికి ఇక రెండు మూడు సెకన్లే వ్యవధి. సరిగ్గా అప్పుడే తెర మీది బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి విమానం ముక్కు నేలను గుద్దుకుని వుంటుంది.

ఇది కంప్యూటర్‌లో నడిచే విమానం గనుక ఎవరికీ దెబ్బ తగలదు. తగిలేది ఇంటి పెద్ద జేబుకే. పైలట్ కావాలన్న కుర్రవాడి ముచ్చట కాదనలేక అప్పో సప్పో చేసి కంప్యూటర్ కొన్న ఇంట్లో, విమానం గతుకుల రోడ్డు మీది బస్సులా కుదుపులు పడుతుంటే, షాపులో సాధారణంగా దొరికే సలహా ఒక్కటే: "గ్రాఫిక్స్ కార్డు మార్చండి." ఆ కార్డు ఖరీదు వేలల్లో మొదలై లక్ష దాటుతుంది. తీరా మార్చిన తరువాత కూడా కుదుపులు యథాప్రకారం వుండటం కద్దు. జబ్బు ఒకచోట, మందు మరొకచోట అయినప్పుడు జరిగేది అదే. కార్డులు అమ్మేవారిని కార్డు కావాలా అని అడిగితే వద్దని చెబుతారా?

నేల మీద కూర్చుని విమానం నడపడం నేర్చుకోవడం కొత్త విద్య కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లోనే ఇటువంటి యంత్రం తయారు చేశాడు. ఆయన తండ్రిది పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం. హార్మోనియంలో వుండే తిత్తుల వంటి వాటినే అమర్చి, చెక్క విమానాన్ని అటూ ఇటూ వంచాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో లక్షలాది పైలట్లు ఆ పెట్టెల్లోనే ఓనమాలు దిద్దుకున్నారు. ఇంటి కంప్యూటర్లలో పేరు పొందిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో వచ్చింది. 2020 ఆగస్టులో వచ్చిన దాని కొత్త రూపం భూగోళాన్ని మొత్తం తెర మీదికి తెచ్చింది. కుదుపుల బాధ కూడా దానితోపాటు పెరిగింది.

బొమ్మల లెక్క

టూరింగ్ టాకీస్‌లో సినిమా చూసినవారికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. అవి సమంగా కదిలినంత సేపూ కన్ను మోసపోతుంది. రీలు ఒక్క క్షణం ఇరుక్కుంటే ఈలలు మొదలవుతాయి. సిమ్యులేటర్‌లో తేడా ఏమిటంటే రీలు ముందుగా తయారై వుండదు. ప్రతి బొమ్మను కంప్యూటర్ అప్పటికప్పుడు లెక్క కట్టి గీయాలి. సెకనుకు 30 బొమ్మలు రావాలంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే సమయం సెకనులో వెయ్యవ వంతులు 33 మాత్రమే. 60 బొమ్మలు కావాలంటే 17 కూడా లేవు.

ఇక్కడ చాలామంది మోసపోయేది సగటు దగ్గర. ఒక సెకనులో 45 బొమ్మలు వచ్చాయనుకుందాం. అందులో 44 బొమ్మలు తలా 17 వెయ్యవ వంతుల్లో చకచకా వచ్చి, మిగిలిన ఒక్క బొమ్మ పావు సెకను ఆగిపోయినా లెక్కలో చూపేది 45 అనే. కాగితం మీద శభాష్! తెర మీద మాత్రం పెద్ద కుదుపు. సెస్నా 172 వంటి చిన్న విమానం దిగే వేళ గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగంతో వుంటుంది. పావు సెకనులో అది ఎనిమిది మీటర్లు ముందుకు పోతుంది. నేర్చుకునేవాడు బొమ్మ కదలలేదని చేతికర్రను మరికాస్త లాగుతాడు. బొమ్మ కదిలేసరికి లాగింది ఎక్కువై వుంటుంది. మళ్లీ తోస్తాడు. ఇది చేతికి అలవాటైతే వదిలించుకోవడం కష్టం. ఇంటి సిమ్యులేటర్ గంటలు పైలట్ లైసెన్సుకు లెక్కలోకి రావు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటలు నిజమైన శిక్షణలోనే పూర్తి చేయాలి. అందుకు ఖర్చు లక్షల్లో వుంటుంది గనుక, ఇంట్లో పట్టుబడిన తప్పుడు అలవాటు రేపు అక్కడ గంటల లెక్కన సొమ్ము తింటుంది.

వంటవాడు ఒక్కడే

బొమ్మ తయారీలో ఇద్దరి చేయి వుంటుంది. ఒకటి ప్రాసెసర్. గాలి ఎటు వీస్తున్నది, రెక్క మీద బరువెంత, చుట్టుపక్కల ఏయే విమానాలున్నాయి, కిటికీలోంచి ఏ ఇల్లు, ఏ చెట్టు కనిపించాలి అన్నది లెక్క కట్టేది అదే. రెండవది గ్రాఫిక్స్ కార్డు. లెక్క చేతికి అందిన తరువాత రంగులు వేసి బొమ్మ గీయడం దాని పని.

పెళ్లి బంతిలో వంటవాడికీ, వడ్డించేవారికీ వున్న సంబంధమే వీటికీ వున్నది. వంటశాలలో పులుసు ఉడకకపోతే, వడ్డించేవారు ఎందరున్నా ఖాళీ బకెట్లు పట్టుకుని నిలబడవలసిందే. ఇంకో పదిమందిని పిలిచినంత మాత్రాన బంతి ముందుకు సాగదు. ప్రాసెసర్‌లో ఆరు, ఎనిమిది కోర్లు వుంటాయి కదా అనవచ్చు. వుంటాయి. కానీ సిమ్యులేటర్‌లో ముఖ్యమైన లెక్కల్లో ఎక్కువ భాగం మెయిన్ థ్రెడ్ అనే ఒకే వరుసలో నడుస్తుంది. అంటే కూరలు తరిగేవారు ఎందరున్నా గరిటె తిప్పే పెద్ద వంటవాడు ఒక్కడే. పెద్ద నగరాల మీద, రద్దీగా వుండే విమానాశ్రయాల దగ్గర కుదుపులు ఎక్కువ కావడానికి కారణం ఇదే. కృష్ణా నది మీద సాఫీగా సాగిన విమానమే హైదరాబాదు సమీపించేసరికి తడబడుతుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష

తప్పు వంటవాడిదా, వడ్డించేవారిదా అన్నది తేల్చుకోవడానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఒక విమానాశ్రయంలో విమానాన్ని కదపకుండా నిలిపి, సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో రాసుకోవాలి. తరువాత సెట్టింగులలో బొమ్మ రిజల్యూషన్‌ను సగానికి తగ్గించి మళ్లీ చూడాలి. లెక్క బాగా పెరిగితే ఇబ్బంది కార్డులో వున్నట్లు. ఉలుకూ పలుకూ లేకుండా అలాగే వుంటే ఇబ్బంది ప్రాసెసర్‌ది. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ తడబాటు పోదు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ పెట్టి బొమ్మల లెక్క చూపమంటే, ఆలస్యం మెయిన్ థ్రెడ్‌దా, జీపీయూదా అన్నది అదే రాసి చూపిస్తుంది. ఎక్స్-ప్లేన్‌లో కూడా ఇద్దరి సమయాలూ విడివిడిగా కనబడతాయి. గ్రాఫిక్స్ కార్డుకే జీపీయూ అని పేరు.

ప్రాసెసర్‌దే బాధ అని తేలితే ముందుగా తగ్గించవలసింది టెరైన్ లెవెల్ ఆఫ్ డిటైల్ అనే మీట. ఎంత దూరం దాకా నేలను వివరంగా చూపాలన్నది దీని చేతిలో వుంటుంది. 200 మీద వుంటే 100కు దించి చూడవచ్చు. దూరపు కొండలు కొంచెం మొద్దుబారుతాయి తప్ప దిగే రన్‌వేకు ఏ లోపమూ రాదు. తరువాత విమానాశ్రయంలో తిరిగే ఇతర విమానాలు, బండ్లు, మనుషుల సంఖ్య. పెద్ద విమానాల కాక్‌పిట్‌లో వుండే గాజు తెరలు ఎంత తరచుగా మారాలన్నదానికి కూడా ఒక సెట్టింగు వున్నది. ఎవరూ దాని జోలికి పోరు గాని, దానిని మీడియంకు తగ్గిస్తే ప్రాసెసర్‌కు కాస్త ఊపిరి ఆడుతుంది.

కార్డుదే బాధ అయితే మందు సులువు. మేఘాలు, నీడలు, రిజల్యూషన్ ఒక మెట్టు దించితే చాలు. కార్డులో సొంత మెమరీ నిండిపోయినప్పుడు మాత్రం కుదుపు విపరీతంగా వుంటుంది. అప్పుడు టెక్స్చర్లు తగ్గించాలి.

మరొక చిట్కా చాలామందికి రుచించదు. బొమ్మల వేగానికి పగ్గం వేయడమే అది. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 30 బొమ్మలకు కట్టడి చేస్తే ప్రతి బొమ్మా సరిగ్గా రెండు దఫాలు కనిపిస్తుంది. తాళం తప్పదు. అదే 40 బొమ్మలు వస్తుంటే ఒకటి ఒక దఫా, మరొకటి రెండు దఫాలు కనిపించి కంటికి కుంటినడకలా తోస్తుంది. నిలకడలేని 45 కంటే నిలకడైన 30 మేలు. విమానం నడిపేవాడికి తుపాకీ ఆటల వేగంతో పనిలేదు.

కాలువ చివరి ఇల్లు

2020 సిమ్యులేటర్‌కు ఆధారమైన భూగోళం సమాచారం రెండు పెటాబైట్లకు పైమాటే. అంటే 20 లక్షల జీబీలు. ఇది ఇంట్లో పట్టదు గనుక ఎగురుతున్న కొద్దీ ఇంటర్నెట్ ద్వారా వస్తూ వుంటుంది. కాలువ చివరి పొలాలకు నీరు అందని బాధ ఎరిగినవారికి మిగతాది చెప్పనవసరం లేదు. ఒక్కొక్కప్పుడు తప్పు తూము దగ్గరే వుంటుంది. 2024 నవంబరు 19న తరువాతి సిమ్యులేటర్ విడుదలైన రోజున కంపెనీ సర్వర్లే రద్దీకి తట్టుకోలేక, ఎన్నో దేశాలలో జనం లోడింగ్ తెర ముందు గంటల తరబడి పడిగాపులు పడ్డారు. అనుమానం తీరాలంటే ఆన్‌లైన్ దృశ్యాలు, ఫొటోగ్రామెట్రీ ఆపివేసి ఒకసారి ఎగిరి చూడాలి. కుదుపు పోతే అది నెట్ పుణ్యమే. కార్డునో, ప్రాసెసర్‌నో తిట్టి లాభం లేదు.

ఇక మన ఎండల సంగతి. రెంటచింతల, రామగుండం వేసవికి మనుషులే సొమ్మసిల్లుతారు. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మొదటి పావుగంట చక్కగా నడిచి, ఆ తరువాత తడబాటు మొదలైతే వేడినే అనుమానించాలి. నూర్పిళ్ల దుమ్ము, పత్తి పీచు ఫాను రెక్కల్లో మేట వేసి వుంటాయి. కరెంటు తీసి, మెత్తని బ్రష్షుతో దులిపితే సగం జబ్బు నయమైనట్లే. లాప్‌టాప్ వారు చార్జర్ తీసివేసి బ్యాటరీ మీద నడపరాదు. అది పొదుపు కోసం వేగాన్ని కుదించుకుంటుంది.

ఎక్కడెక్కడినుంచో తెచ్చి చేర్చుకున్న విమానాలు, విమానాశ్రయాలు మరొక బెడద. అవి వుండే కమ్యూనిటీ ఫోల్డర్ పేరు తాత్కాలికంగా మార్చితే సిమ్యులేటర్ వాటిని చూడదు. అప్పుడు కుదుపు లేకపోతే ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకుంటూ దొంగను పట్టవచ్చు. జాయ్‌స్టిక్ తీగను పక్కకు లాగి చూడటం కూడా అనుభవం వున్నవారు చేసే పనే. నాసిరకం యూఎస్‌బీ హబ్‌లో అది మాటిమాటికీ తెగి, అతుక్కుంటుంటే తెర కూడా ఆగుతుంది. సిమ్యులేటర్‌కో, కార్డు డ్రైవర్‌కో కొత్త అప్‌డేట్ వేసిన తరువాత మొదటిసారి ఎగిరినప్పుడు వచ్చే కుదుపును మాత్రం పట్టించుకోనక్కరలేదు. రెండోసారికి సర్దుకుంటుంది.

ఇవన్నీ ఒకేసారి మార్చేవారికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. అదే విమానం, అదే రన్‌వే, అదే వాతావరణం పెట్టుకుని, ఒకసారికి ఒక్క మార్పు చేసి, నోటుపుస్తకంలో రాసుకోవాలి. లైవ్ వాతావరణం పెడితే నిన్నటి మేఘాలు నేడు వుండవు గనుక పోలిక చెడుతుంది.

ఇంత చేసినా సొమ్ము పెట్టక తప్పని సందర్భాలు లేకపోలేదు. సిమ్యులేటర్ పాత హార్డ్ డిస్కులో వుంటే ఎస్ఎస్‌డీకి మార్చడం మొదటి ఖర్చు. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్కగా వుంటే, అటువంటిదే మరొకటి జత చేస్తే రోడ్డు రెండు వరుసలవుతుంది. జబ్బు మెయిన్ థ్రెడ్‌దే అయి, పాత మదర్‌బోర్డు ఒప్పుకుంటే, పెద్ద క్యాష్ మెమరీ వున్న ప్రాసెసర్ మేలు చేస్తుంది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో అది 96 ఎంబీ వుండటం వల్లనే సిమ్యులేటర్ నడిపేవారిలో దానికి అంత గిరాకీ వచ్చింది. కార్డు వంతు వచ్చేది రిజల్యూషన్ పరీక్షలో దోషం దానిదేనని తేలినప్పుడే. షాపుకు వెళ్లేవారు ఆ నోటుపుస్తకాన్ని వెంట తీసుకువెళ్లి, తగ్గించిన రిజల్యూషన్‌లో లెక్క ఎంత వచ్చిందో చూపించి, అప్పుడు ధర అడగవచ్చు.