హెచ్.ఐ.వి. కణంలో ఏం చేస్తుంది? మందు ఎందుకు ఆపకూడదు?

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• హెచ్.ఐ.వి. కణంలోకి ప్రవేశించే విధానాన్ని దశలవారీగా వివరించగలుగుతారు.
• విలోమ అనులేఖనం, ప్రోవైరస్, నిద్రాణ స్థితి అనే భావనలను నిర్వచించగలుగుతారు.
• ఏ మందు ఏ దశను అడ్డుకుంటుందో గుర్తించగలుగుతారు.
• రక్తంలో వైరస్ కనబడనప్పుడు కూడా మందు కొనసాగించడానికి గల కారణాన్ని కణస్థాయిలో చెప్పగలుగుతారు.

7.1 ప్రవేశిక

మీలో కొంచెం వయసు పైబడినవారికి పులిరాజా గుర్తుండే ఉంటాడు. 2000 దశకం తొలి సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హోర్డింగుల మీద అతని పేరు కనిపించేది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని అవి అడిగేవి. పులిరాజా ఎవరో ఎవరికీ తెలియదు. అయినా బస్టాపుల్లోనూ టీ కొట్ల దగ్గరా అతని గురించే మాట్లాడుకునేవారు. పైకి అనడానికి జంకే మాట ఆ విధంగా జనం నోట పడింది.

ఆ ప్రశ్నకు జవాబు ఈనాడు చాలామందికి తెలుసు. దాని తరువాతి ప్రశ్న మాత్రం ఏ హోర్డింగు మీదా రాలేదు. సంపర్క తరగతుల్లో, ముఖ్యంగా ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తూ చదువుకునే విద్యార్థులు దాన్ని అడుగుతుంటారు: “మాత్రలు వాడుతున్న మనిషికి పరీక్షలో వైరస్ కనబడలేదు. ఒంట్లో బాగానే ఉంది. ఇంకా మాత్రలు ఎందుకు సార్?” ఇలా అనుకొని మందు మానేసేవారూ ఉన్నారు. డాక్టరు చెప్పారు కాబట్టి వేసుకోవాలి అంటే వారికి తృప్తి కలగదు. అసలు కారణం కణం లోపల ఉంది. ఆ కారణం దాకా ఒక్కొక్క మెట్టుగా వెళదాం.

7.2 వైరస్ నిర్మాణం

1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లూక్ మాంటనియె బృందం ఈ వైరస్‌ను వేరుచేసింది. ఇందుకు వారిద్దరికీ 2008లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో తొలి కేసులను 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల గుర్తించారు.

హెచ్.ఐ.వి. దాదాపు గోళాకారంలో ఉంటుంది. దీని వ్యాసం సుమారు 100 నుంచి 120 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు పొడవున ఎనిమిది, తొమ్మిది వేల వైరస్‌లను వరుసగా పేర్చవచ్చు. పైన కొవ్వు పొర, దాని మీద జీపీ120, జీపీ41 అనే ప్రోటీన్లు ఉంటాయి. లోపల శంకువు ఆకారంలో కాప్సిడ్ అనే ప్రోటీన్ కవచం ఉంటుంది. ఆ కవచంలో ఒక్కొక్కటి సుమారు 9,700 న్యూక్లియోటైడ్ల పొడవున్న రెండు ఆర్.ఎన్.ఎ. పోగులు ఉంటాయి. వైరస్ పనికి కీలకమైన ఎంజైములు మూడు: రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్, ప్రోటియేజ్.

ఈ వైరస్‌కు ఉన్న జన్యువులు 9 మాత్రమే. మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులే సుమారు 20,000. ఇంత తక్కువ సామగ్రితో వైరస్ తనంతట తాను ఒక్క ప్రతిని కూడా తయారుచేసుకోలేదు. లేనిదంతా మన కణం నుంచి తీసుకోవలసిందే. అది కణం మీద ఆధారపడే ప్రతిచోటా దానిని అడ్డుకోవడానికి మనకు ఒక అవకాశం ఉంటుంది. ఈ విషయాన్ని గుర్తుంచుకొని ముందుకు చదవండి.

7.3 కణంలోకి ప్రవేశం

బ్యాంకు లాకరు తెరవడానికి రెండు తాళంచెవులు కావాలి. హెచ్.ఐ.వి. కూడా సాధారణంగా రెండు గ్రాహకాలు ఉన్న కణంలోకే ప్రవేశిస్తుంది. మొదటిది సీడీ4. దీనిని 1984లో గుర్తించారు. ఇది ముఖ్యంగా టి-సహాయక కణాల మీద ఉంటుంది. వ్యాధి నిరోధక వ్యవస్థలోని మిగతా కణాలను నడిపించేవి ఈ కణాలే. అందువల్ల ఇవి తగ్గేకొద్దీ శరీరం క్షయ వంటి వ్యాధులను కూడా ఎదుర్కోలేని స్థితికి చేరుతుంది.

జీపీ120 సీడీ4కు అతుక్కోగానే దాని ఆకారం మారుతుంది. అప్పుడది సీసీఆర్5 లేదా సీఎక్స్‌సీఆర్4 అనే రెండో గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఈ రెండో గ్రాహకాల పాత్ర 1996లో స్పష్టమైంది. తరువాత జీపీ41 కణత్వచంలోకి గుచ్చుకొని, మడతపడి, వైరస్ పొరను కణం పొర దగ్గరకు లాగుతుంది. రెండు పొరలూ కలిసిపోయి కాప్సిడ్ లోపలికి చేరుతుంది.

కొందరిలో సీసీఆర్5 జన్యువులో 32 క్షార జతలు లోపించి ఉంటాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా ఈ రకం జన్యువే వచ్చినవారికి సీసీఆర్5 మీద ఆధారపడే హెచ్.ఐ.వి. సోకడం చాలా అరుదు. ఈ లక్షణం ఉత్తర ఐరోపా ప్రజల్లో కొద్దిమందిలో కనిపిస్తుంది, మన దేశంలో అత్యంత అరుదు. ఇటువంటి దాత నుంచి మూలకణాలను 2007లో బెర్లిన్‌లో తిమోతీ రే బ్రౌన్‌కు ఎక్కించారు. ఆయనకు రక్త క్యాన్సర్, హెచ్.ఐ.వి. రెండూ ఉండేవి. హెచ్.ఐ.వి. నుంచి పూర్తిగా బయటపడిన తొలి వ్యక్తి ఆయనే. అయితే ఆ చికిత్స ప్రాణాపాయంతో కూడినది కాబట్టి అందరికీ చేయగలిగింది కాదు.

7.4 విలోమ అనులేఖనం

సాధారణంగా జన్యు సమాచారం డి.ఎన్.ఎ. నుంచి ఆర్.ఎన్.ఎ.కు, అక్కడి నుంచి ప్రోటీన్‌కు ప్రవహిస్తుందని మీరు ముందు భాగాల్లో చదివారు. హెచ్.ఐ.వి.లో మొదటి మెట్టు తలకిందులవుతుంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఆర్.ఎన్.ఎ.ను చూసి డి.ఎన్.ఎ.ను తయారుచేస్తుంది. ఇటువంటి ఎంజైమును 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా కనుగొన్నారు. అప్పటికి హెచ్.ఐ.వి. పేరు కూడా ఎవరికీ తెలియదు. కోళ్లకు, ఎలుకలకు సోకే వైరస్‌ల మీద వారు చేసిన ఆ పని 1975లో నోబెల్ బహుమతి తెచ్చింది. తరువాతి కాలంలో హెచ్.ఐ.వి. మందులకు పునాది కూడా అయింది.

ఈ ఎంజైముకు తాను రాసింది సరిచూసుకొనే గుణం లేదు. ప్రతి పదివేల నుంచి లక్ష న్యూక్లియోటైడ్లకు సుమారు ఒక తప్పు చేస్తుంది. చికిత్స లేని రోగిలో రోజుకు దాదాపు 1,000 కోట్ల వైరస్‌లు పుడతాయని 1996లో లెక్కగట్టారు. ఇన్ని ప్రతుల్లో ఇన్ని తప్పులు జరిగితే, ఏదో ఒక తప్పు మందుకు లొంగని వైరస్‌ను పుట్టించడం ఖాయం. 1987లో వచ్చిన తొలి మందు జిడోవుడిన్ ఒంటరిగా ఎక్కువకాలం పనిచేయకపోవడానికి కారణం ఇదే. 1996 నుంచి మూడు మందులను కలిపి ఇవ్వడానికి కారణమూ ఇదే. మూడింటికీ ఒకేసారి లొంగకుండా పోయే తప్పులు ఒకే వైరస్‌లో కలిసిరావడం చాలా కష్టం.

వైరస్ మన కణంలోని ఎంజైములను ఎలా వాడుకుంటుందన్నది హైదరాబాద్‌లోనూ పరిశోధనాంశమే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆనంద్ కుమార్ కొండపి బృందం మన కణాల్లోని టోపోఐసోమరేజ్-2 ఎంజైముకు, వైరస్ ప్రతికృతికి మధ్య గల సంబంధాన్ని అధ్యయనం చేసింది.

7.5 మన డి.ఎన్.ఎ.లో చేరిక

తయారైన వైరస్ డి.ఎన్.ఎ. కేంద్రకంలోకి వెళ్లాలి. కాప్సిడ్ కేంద్రకం బయటే విడిపోతుందని చాలాకాలం భావించారు. సుమారు 1,500 ప్రోటీన్లతో కట్టిన ఆ కవచం దాదాపు చెక్కుచెదరకుండానే కేంద్రక రంధ్రం గుండా వెళ్లగలదని ఇటీవలి పరిశోధనల్లో తేలింది. వైరస్‌లోని చిన్న ప్రోటీన్లు కొన్ని కేంద్రకంలోకి చేరే విధానం మీద హైదరాబాద్‌లోని సి.డి.ఎఫ్.డి.లో ఎస్. మహాలింగం బృందం పనిచేసింది.

కేంద్రకంలో ఇంటిగ్రేజ్ మన క్రోమోజోమును కోసి, ఆ కోతలో వైరస్ డి.ఎన్.ఎ.ను అతికిస్తుంది. ఇలా అతికిన డి.ఎన్.ఎ.ను ప్రోవైరస్ అంటారు.

దీనిని ఒక పోలికతో అర్థం చేసుకోండి. ఎవరో పరాయివాడు మీ పొలం పహాణీలో తన పేరు ఎక్కించుకున్నాడనుకోండి. మీరు అతన్ని పొలం గట్టు మీది నుంచి తరిమేయవచ్చు. కానీ రికార్డులో పేరు అలాగే ఉంటుంది. కార్యాలయం ఇచ్చే ప్రతి నకలులోనూ ఆ పేరు ముద్రతో సహా వస్తుంది. ప్రోవైరస్ పరిస్థితి కూడా అంతే. కణం విభజన చెందినప్పుడల్లా సొంత డి.ఎన్.ఎ.తోపాటు దానికీ నకలు తీస్తుంది.

7.6 కొత్త వైరస్‌ల తయారీ

కణం చురుకుగా ఉన్నప్పుడు ప్రోవైరస్ నుంచి ఆర్.ఎన్.ఎ. అనులేఖనం జరుగుతుంది. ఇందుకు మన కణంలోని ఎన్.ఎఫ్.-కప్పా-బి అనే ప్రోటీన్, వైరస్ సొంత ప్రోటీన్ టాట్ తోడ్పడతాయి. ఐరోపా, అమెరికాల్లో ఎక్కువగా ఉండే బి ఉపరకంలో ఎన్.ఎఫ్.-కప్పా-బి అతుక్కొనే చోట్లు సాధారణంగా రెండు. భారతదేశంలో ప్రధానమైన సి ఉపరకంలో అవి మూడు. నాలుగు చోట్లు గల వైరస్‌లు కూడా మన దేశంలో కనిపిస్తున్నాయని, వాటిలో అనులేఖనం మరింత బలంగా ఉంటుందని బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో ఉదయకుమార్ రంగ బృందం 2012లో ప్రచురించింది.

తరువాత మన రైబోసోములే వైరస్ ప్రోటీన్లను తయారుచేస్తాయి. వాటిలో ముఖ్యమైనవి పొడవైన గొలుసులుగా వస్తాయి. కొత్త వైరస్ కణం పొరను కప్పుకొని బయటికి మొగ్గ తొడుగుతుంది. ప్రోటియేజ్ ఆ గొలుసులను సరైన చోట్ల కత్తిరించినప్పుడే అది మరో కణానికి సోకగలుగుతుంది.

7.7 నిద్రాణ కణాలు

వైరస్ చేరిన టి-కణాల్లో ఎక్కువ భాగం త్వరగా నశిస్తాయి. కొన్ని మాత్రం విశ్రాంతి స్థితిలో ఉండే స్మృతి కణాలుగా మిగిలిపోతాయి. వాటిలో ప్రోవైరస్ ఉంటుంది కానీ అనులేఖనం జరగదు. వైరస్ ప్రోటీన్ తయారుకాదు కాబట్టి వ్యాధి నిరోధక వ్యవస్థ ఆ కణాన్ని శత్రువుగా గుర్తించలేదు. ప్రతికృతి జరగదు కాబట్టి మందుకు అక్కడ పని ఉండదు. వైరస్ రక్తంలోకి రాదు కాబట్టి పరీక్షకూ అది చిక్కదు.

చికిత్సలో ఉన్నవారిలో ఇటువంటి కణాలు ఉన్నాయని 1997లో మూడు పరిశోధక బృందాలు చూపించాయి. మేల్కొని వైరస్‌ను విడుదల చేయగల కణాలు విశ్రాంత సీడీ4 కణాల్లో పదిలక్షలకు ఒకటి చొప్పున ఉన్నా చాలు. వాటి సంఖ్య సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని 2003లో అంచనా వేశారు. ఆ లెక్కన మందులతోనే అవి పూర్తిగా పోవడానికి 70 ఏళ్లకు పైగా కావాలి. మందు ఆపితే, మేల్కొన్న కొద్ది కణాల నుంచే చాలామందిలో కొన్ని వారాల్లో వైరస్ తిరిగి రక్తంలో కనిపిస్తుంది.

7.8 మందులు ఎక్కడ అడ్డుకుంటాయి?

ఇప్పుడు ప్రధానంగా వాడే మాత్రలో మూడు మందులున్నాయి. టెనోఫోవిర్, లామివుడిన్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను అడ్డుకుంటాయి. ఇవి డి.ఎన్.ఎ. నిర్మాణ ఘటకాలను పోలి ఉంటాయి. గొలుసులో చేరిన తరువాత దానిని ముందుకు సాగనివ్వవు. డోలుటెగ్రవిర్ ఇంటిగ్రేజ్‌ను ఆపుతుంది. మూడూ కొత్త కణంలో కొత్త ప్రోవైరస్ ఏర్పడకుండా చూస్తాయి. ఇప్పటికే అతికిన ప్రోవైరస్‌ను వీటిలో ఏదీ తొలగించలేదు.

మన దేశంలో ఉచిత చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలైంది. జూబ్లీహిల్స్‌లో కార్యాలయం ఉన్న మైలాన్ ల్యాబొరేటరీస్, హైదరాబాద్‌కే చెందిన అరబిందో ఫార్మా ఈ మూడు మందుల మాత్రను మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకు 90కి పైగా దేశాలకు అందించే ఒప్పందాన్ని 2017లో ప్రకటించారు. ఏళ్ల తరబడి వాడవలసిన మందుకు ధర కూడా ప్రాణంతో సమానమే.

క్రమం తప్పకుండా మందు వాడుతూ, వైరస్ పరీక్షకు చిక్కని స్థాయిలో ఉన్నంతకాలం లైంగిక సంపర్కం ద్వారా అది ఇతరులకు సోకదని పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. మందు మధ్యమధ్యలో మానితే ఈ రక్షణ పోతుంది. రక్తంలో మందు మోతాదు తగ్గినప్పుడు పెరిగే వైరస్‌లలో మందుకు లొంగనివి ముందుకు వస్తాయి. అప్పుడు తిరిగి మొదలుపెట్టినా అదే మాత్ర పనిచేయకపోవచ్చు.

7.9 సారాంశం

హెచ్.ఐ.వి. రెండు గ్రాహకాల సాయంతో టి-సహాయక కణంలోకి ప్రవేశించి, తన ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చుకొని, మన క్రోమోజోములో చేరుతుంది. మందులు ఈ దశలను అడ్డుకొని కొత్త కణాలను కాపాడతాయి. నిద్రాణ కణాల్లోని ప్రోవైరస్ మాత్రం అలాగే ఉంటుంది. పరీక్షలో వైరస్ కనబడలేదు అంటే మందు పనిచేస్తున్నదని అర్థం, పని పూర్తయిందని కాదు. పులిరాజా మాత్ర ఆపకూడదు. రోజూ వేసుకుంటే అతను పనికి వెళ్లవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల చదువులు చూసుకోవచ్చు. మీ ఊళ్లో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే, పహాణీ పోలికతో మొదలుపెట్టి చెప్పండి.

7.10 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హెచ్.ఐ.వి. ప్రవేశానికి సీడీ4 ఒక్కటే ఎందుకు సరిపోదు?
2. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చేసే తప్పులకు, మూడు మందులను కలిపి ఇవ్వడానికి గల సంబంధం ఏమిటి?
3. నిద్రాణ కణాన్ని మందు గానీ, వ్యాధి నిరోధక వ్యవస్థ గానీ, రక్తపరీక్ష గానీ ఎందుకు పట్టుకోలేవు?
4. మందు ఆపాలనుకుంటున్న వ్యక్తికి మీరు ఏం చెబుతారో పది వాక్యాల్లో రాయండి.