ఉంగరాల జుట్టు, పట్టుగుడ్డ

బెంగళూరు పాతపేటలో పట్టుచీరల కొట్లకూ సంగీతవాద్యాల అంగళ్లకూ పేరుపడిన బళేపేటలో ఆఫ్రికా సంతతివారి శిరోజాలంకరణకు కావలసిన సామగ్రి ఉంటుందని సాధారణంగా ఎవరూ అనుకోరు. కాని బిగుతైన ఉంగరాలుగా చుట్టుకొనే ఆ జుట్టును మందులతో సాగదీయకుండా పుట్టుకతో వచ్చిన తీరులోనే దిద్దుకోవడానికి అవసరమయ్యే కొబ్బరినూనె, అవిసె గింజలు, వెడల్పు పళ్ల దువ్వెన, పట్టుగుడ్డ దక్షిణాది బజారుకు కొత్తవేమీ కావు. ఆ మాటకొస్తే ఆ జుట్టూ ఇక్కడికి కొత్తది కాదు: ఉత్తర కన్నడ జిల్లాలోని యల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న సిద్దీలూ, నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మోస్తున్న హైదరాబాదు ఏ.సి. గార్డ్స్‌లో ఆ సైనికుల వంశీకులూ ఉన్నారు.

వెంట్రుక ఆకారాన్ని నిర్ణయించేది అది చర్మంలో పుట్టే గుంట, అంటే రోమకూపం. అది నిటారుగా ఉంటే వెంట్రుక తిన్నగానూ, వంగి ఉంటే మెలికలు తిరిగీ మొలుస్తుంది. బిగుతైన ఉంగరాల వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక చదునైన కోలగా కనిపిస్తుంది. మెలిక పడిన చోటల్లా అది తేలిగ్గా తెగుతుంది, మాడులో ఊరే తైలం ఆ మెలికలన్నీ దాటి కొసలకు చేరదు గనుక త్వరగా ఎండిపోతుంది. చూపుకు మొండిగా కనిపించే ఈ జుట్టే నిజానికి అన్నిటికన్నా సుకుమారమైనది.

ఈ జుట్టును సాగదీసే రిలాక్సర్ అనే మందులో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా, లేదా అంతే ఘాటైన మరో క్షారం. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీనుకు ఆకృతినిచ్చే గంధకపు కట్లను, అంటే డైసల్ఫైడ్ బంధాలను, అది శాశ్వతంగా మార్చివేస్తుంది. మాడు కాలడమూ మామూలే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించి 2022లో వెల్లడించిన అంచనా ప్రకారం, 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం జుట్టు సాగదీసే మందులు వాడనివారిలో 1.64 శాతం, తరచుగా వాడినవారిలో 4.05 శాతం. ఇది సంబంధాన్ని చూపిందే తప్ప కారణాన్ని రుజువు చేయలేదు. అయినా ఆ మందును కేవలం సోకుగా కొట్టిపారేయడం న్యాయం కాదు. బడిలోనూ ఉద్యోగంలోనూ జుట్టు తీరును బట్టి వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా క్రౌన్ చట్టం చేయవలసి వచ్చిందంటే జుట్టు సాగదీసుకోవాలన్న ఒత్తిడి ఎంతటిదో ఊహించవచ్చు.

మందు లేని పద్ధతికి ప్రాణం నీరు. జుట్టును పొడిగా ఉన్నప్పుడు దువ్వితే తెగుతుంది కనుక, తడిపి, కండిషనర్ పట్టించి, పాయలుగా విడదీసి, కొసల దగ్గర మొదలుపెట్టి కుదుళ్ల వైపు చిక్కు తీస్తారు. నూనె తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోకుండా కాస్తుంది. అందుకే తడి జుట్టుకే రాస్తారు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీను నష్టాన్ని తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనె అలా చేయదనీ 2003లో భారతీయ పరిశోధకులు రేలే, మోహిలే చూపారు. ఆపైన అవిసె గింజలను ఉడికించి వడకట్టిన జిగురు రాసి, ఒక్కో పాయనూ రెండుగా చీల్చి ఒకదానిపై ఒకటి మెలివేసి, పూర్తిగా ఆరాక విప్పితే ఉంగరాలు పొందికగా నిలుస్తాయి. తొందరపడి తడిగా ఉండగానే విప్పితే శ్రమంతా వృథా. రాత్రిపూట నూలు దిండుగలీబు తేమను పీల్చి వెంట్రుకను రాపిడికి గురిచేస్తుంది కనుక తలకు పట్టుగుడ్డ చుట్టుకొంటారు. చీరకు పనికిరాని పట్టుముక్క కూడా దీనికి చాలు. మాడుకు అంటిపెట్టుకొని వరుసలుగా అల్లే సన్నజడలు వారాల తరబడి నిలుస్తాయి గాని, మరీ బిగిస్తే నుదుటి అంచున కుదుళ్లు లాగుకుపోయి జుట్టు ఊడుతుంది.

ఇదివరకే మందు పెట్టిన జుట్టు మళ్లీ ఉంగరాలు తిరగదు. కొత్తగా మొలిచేదే తిరుగుతుంది. రెండూ కలిసే చోట తెగిపోతుంటుంది కనుక కొందరు పాతదాన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా కత్తిరిస్తారు, కొందరు ఒక్కసారే మొదలంటా తీసేస్తారు. తలనీలాలివ్వడం మొక్కుగా ఉన్న తెలుగువారికి ఈ రెండో దారి అంత కష్టంగా తోచకపోవచ్చు. తిరుమలలో అలా సమర్పించి వేలంలో అమ్ముడయ్యే జుట్టే, 2009 నాటి ‘గుడ్ హెయిర్’ డాక్యుమెంటరీ చూపినట్లు, సముద్రాలు దాటి నల్లజాతి స్త్రీల సవరాలుగా మారుతోంది.