సంతకానికి ముందు లెక్క

గచ్చిబౌలి, కొండాపూర్ సంఘాల్లో పిల్లల్ని అమెరికా డిగ్రీకి పంపాలనుకునే ఇళ్లకు అక్టోబరు హడావుడి నెల. ముందస్తు దరఖాస్తుల గడువు చాలా కాలేజీల్లో నవంబరు 1. జవాబు డిసెంబరు మధ్యకల్లా వస్తుంది. వీటిలో రెండు రకాలున్నాయి, పేర్లు దగ్గరగా ఉండి తికమకపెడతాయి. ఎంఐటీలో ఉన్నది ‘ఎర్లీ యాక్షన్’: సీటు వచ్చినా చేరి తీరాలని లేదు, వసంతకాలం దాకా ఆలోచించుకోవచ్చు. కార్నెల్‌లోని ‘ఎర్లీ డెసిషన్’ అలా కాదు. సీటు వస్తే చేరాలి, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆ ఒప్పందంపై విద్యార్థితోపాటు తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ సంతకం చేస్తారు.

ఆర్థిక సాయం చాలకపోతే తప్పుకోవచ్చు, నిజమే. కానీ వేరే కాలేజీ ఎంత ఇస్తుందో పోల్చి చూసే వీలుండదు. అందుకే ఇది డబ్బున్నవారికే అనువైన దారి అని మేమంటాం. పైగా సాయం అడిగిన విదేశీ విద్యార్థికి చాలాచోట్ల సీటు రావడమే కష్టం. ఎంఐటీ మాత్రం అది చూడదు.

‘ముందు సీటు రానీ, తర్వాత చూద్దాం’ అనే సలహా మనకు తగదు. మన ‘అవును’ అవునుగానే ఉండాలి. లూకా 14లో గోపురం కట్టేవాడిలా ముందే కూర్చోండి. నాలుగేళ్ల ఫీజు, వసతి, డాలరు ధర, ఇంటి లోను వాయిదా అన్నీ కాగితం మీద వేయండి, పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకుని.